ప్రోగ్రామింగ్ భాషల అప్‌గ్రేడ్: కంపెనీలకు అసలు ఖర్చు ఎక్కడ?

పైథాన్ ఉచితం. కొత్త వెర్షన్ డౌన్‌లోడ్ చేసుకోవడానికి రూపాయి కట్టక్కర్లేదు. అయినా పెద్ద వెర్షన్ మార్పు అనగానే కంపెనీల టీమ్‌లు వెనకాడతాయి. పాత కోడ్ కొత్త వెర్షన్‌లోనూ అదే ఫలితం ఇస్తోందని నిర్ధారించుకోవడానికే ఎక్కువ సమయం, డబ్బు పోతాయి.

పదకొండేళ్లు పట్టిన మార్పు

పైథాన్ 3 2008 డిసెంబరులో విడుదలైంది. పైథాన్ 2కు 2015లో మద్దతు ఆపాలనుకున్నారు. చాలా సంస్థలు సిద్ధంగా లేకపోవడంతో గడువును 2020 జనవరి 1కి పెంచారు.

ఇబ్బంది ఎక్కడొచ్చిందో చిన్న ఉదాహరణతో తెలుస్తుంది. పైథాన్ 2లో 3ని 2తో భాగిస్తే 1 వస్తుంది. పైథాన్ 3లో 1.5 వస్తుంది. ప్రోగ్రాం ఆగదు, ఎర్రర్ కనిపించదు, లెక్క మాత్రం మారిపోతుంది. తెలుగు అక్షరాలదీ ఇదే సంగతి. యూటీఎఫ్-8లో ఉన్న ‘అ’ అక్షరం పొడవు పైథాన్ 2 మామూలు స్ట్రింగ్‌లో 3, పైథాన్ 3లో 1. బిల్లులు వేసే, పేర్లు నమోదు చేసే సాఫ్ట్‌వేర్‌లో ఇలాంటివి వెతికి పట్టుకోవాల్సిందే.

ఖర్చు పద్దులు

• టెస్టింగ్: పరీక్షలు ముందే రాసి లేకపోతే, ఇప్పుడు రాయాలి.
• లైబ్రరీలు: వాడుతున్న వాటిలో ఒక్కటి కొత్త వెర్షన్‌కు రాకపోయినా పని నిలిచిపోతుంది.
• రెండు వెర్షన్లు: మార్పు పూర్తయ్యేదాకా రెండింటినీ నడపాలి.
• ఆగిన పనులు: ఆ నెలల్లో కస్టమర్లు అడిగిన కొత్త సదుపాయాలు వెనకబడతాయి.

వాయిదా వేస్తే

వాయిదా వేసేకొద్దీ మార్చాల్సినవి పెరుగుతాయి. కోల్‌కతాకు హౌరా వైపున్న షాలిమార్ స్టేషన్‌కు విజయవాడలో కోరమాండల్ టికెట్ తీసుకున్నా, అది రైల్వే రిజర్వేషన్ వ్యవస్థ ద్వారానే రావాలి. దాని ‘కాన్సర్ట్’ సాఫ్ట్‌వేర్ 1994లో సికింద్రాబాద్‌లో మొదలైంది. 1999 నాటికి దేశంలోని కేంద్రాలన్నీ దీనితో అనుసంధానమయ్యాయి. ఇప్పటి వ్యవస్థ 2010లో వచ్చిందని, ఇటానియం సర్వర్లు, ఓపెన్‌వీఎంఎస్ మీద నడుస్తోందని రైల్వే శాఖ 2025లో పార్లమెంటుకు తెలిపింది. ఇంటెల్ 2021లోనే ఇటానియం చిప్‌ల సరఫరా ఆపేసింది. ఇది భాషా వెర్షన్ మార్పు కంటే పెద్ద పని. సర్వర్లు, సాఫ్ట్‌వేర్, నెట్‌వర్క్ అన్నీ కలిపి మార్చాలి, అదీ టికెట్ల జారీకి అంతరాయం లేకుండా.

తగ్గించుకునే దారి

ఇన్‌స్టాగ్రామ్ 2017 నాటికి సుమారు పది నెలల్లో పైథాన్ 3కి మారింది. కోడ్‌ను వేరుగా తీసి తిరగరాయలేదు. ఒకే కోడ్ రెండు వెర్షన్లలోనూ నడిచేలా దిద్దుతూ, వినియోగదారులను విడతలుగా మార్చింది. మిగతా టీమ్‌లకూ ఈ పద్ధతి పనికొస్తుంది. మద్దతు ముగిసే తేదీని ముందే బడ్జెట్‌లో రాసుకుని, ఏటా కొంత సమయం కేటాయిస్తే భారం ఒక్కసారిగా మీద పడదు.