గుంతకల్లు రైలు – రాష్ట్ర ఉత్పత్తి: ఒక లెక్క చరిత్ర

అనంతపురం ఆర్థిక చరిత్రను పరిశోధకులు ఎక్కువగా కరవు, వేరుశనగల చుట్టూనే రాశారు. 1871లో మద్రాసు రైల్వే వాయవ్య మార్గం రాయచూరు వద్ద బొంబాయి మార్గంతో కలిసింది. ఆ దారిలోని గుంతకల్లు క్రమంగా పెద్ద కూడలి అయింది; 1956లో రైల్వే డివిజన్ కేంద్రమైంది. వానతో నిమిత్తం లేని నెల జీతం ఈ మెట్టనేలకు అలా వచ్చింది.

ఆ సేవ విలువను రాష్ట్ర ఉత్పత్తిలో ఎలా చూపాలన్నదే చిక్కు. 1949లో మహలనోబిస్ అధ్యక్షతన ఏర్పడిన జాతీయ ఆదాయ సంఘం దేశం మొత్తానికి లెక్క కట్టింది. రాష్ట్రాల వాటా వేరే ప్రశ్న. వేరుశనగ దిగుబడిని పంటకోత ప్రయోగాలతో చేనులోనే తూచవచ్చు. రైలు అలా కాదు. బళ్లారి ఇనుప ఖనిజం గుంతకల్లు మీదుగా మద్రాసు రేవుకు పోతే ఆ రవాణా విలువ ఏ రాష్ట్రానిది? అందువల్లనే రైల్వేలను ప్రాంతాతీత రంగంగా పరిగణించి, వాటి స్థూల విలువ జోడింపును దేశస్థాయిలో అంచనా వేసి, సూచికల ఆధారంగా రాష్ట్రాలకు పంచుతారు. పద్ధతి అసంబద్ధం కాదు గాని, జిల్లాకు దిగేసరికి అది పంపకం మీద పంపకం. పంట పోయిన ఏడాది కూడా జిల్లా మొత్తం ఉత్పత్తి అంతగా కుంగినట్టు కనిపించకపోవచ్చు; ఆ నిలకడలో రైతు ఇంటికి చేరనిదెంతో ఆ అంకె చెప్పదు.