నీటి అడుగుకు గాలి మోసిన యంత్రం

2019 సెప్టెంబరు 15న దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ఠ అనే పర్యాటక బోటు గోదావరిలో మునిగింది. పాపికొండలు చూడబోయినవారిలో దాదాపు 50 మంది తిరిగి రాలేదు. నేవీ దిగింది, ఎన్డీఆర్ఎఫ్ దిగింది, సోనార్లతో వెతికారు. వరద ఉరవడిలో బోటు మాత్రం కదల్లేదు. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం లంగర్లు, ఇనుప రోప్‌లతో రోజుల తరబడి పెనుగులాడింది. చివర్లో విశాఖ నుంచి వచ్చిన డైవర్లు అడుగుకు దిగి రోప్‌లు తగిలించారు. అక్టోబరు 22న బోటు ఒడ్డుకు చేరింది. ఆ రోజుల్లో ఊరూరా రోప్‌ల గురించి, లంగర్ల గురించి మాట్లాడుకున్నారు. నీటి కింద పనిచేసే మనిషికి గాలి ఎక్కడి నుంచి వస్తుందన్నది అంతగా చర్చకు రాలేదు.

గౌతమి, వశిష్ఠ, వైనతేయ పాయల మధ్య, సముద్రపు అంచున ఉన్న కోనసీమకు ఈ ప్రశ్న కొత్తది కాదు. పంటు మీద రేవు దాటే జనానికి, లంకల్లో బతికే కుటుంబాలకు ఆపద వస్తే దిక్కు గజఈతగాళ్లే. ఎంత సాధన ఉన్నవాడైనా ఊపిరి బిగపట్టి నీటి అడుగున పని చేయగలిగేది నిమిషం, రెండు నిమిషాలు. ఆ గడువును పెంచడానికి మనిషి పడిన పాట్లలోంచే డైవర్లకు గాలి అందించే కంప్రెసర్ పుట్టింది.

1789లో ఇంగ్లండ్‌లోని రామ్స్‌గేట్ రేవు పనుల కోసం జాన్ స్మీటన్ అనే ఇంజనీరు నీటిలోకి దించే ఇనుప గదికి పంపుతో గాలి కొట్టించాడు. 1830లలో అగస్టస్ సీబే తయారుచేసిన రాగి శిరస్త్రాణం వచ్చాక డైవరు ఒంటరిగా అడుగున నడవగలిగాడు. పైన పడవ మీద మనుషులు చేత్తో పంపు తిప్పుతుంటే గొట్టం గుండా కిందికి గాలి వెళ్లేది. పంపు ఆగినా, గొట్టం తెగినా కింద ఉన్నవాడి ప్రాణం మీదికి వచ్చేది.

గొట్టాన్ని వదిలించుకోవాలంటే గాలిని వీపు మీద మోసుకెళ్లాలి. 1860లలో ఫ్రాన్సులో రుకైరోల్, దెనైరూజ్ అనే ఇద్దరు చిన్న గాలి పాత్రను, పీల్చినప్పుడే గాలి వదిలే కవాటాన్ని తయారుచేశారు. జూల్ వెర్న్ తన సముద్రగర్భ నవలలో వీళ్ల పేర్లు ప్రస్తావించాడు. ఆలోచన గొప్పదే గాని ఆనాటి పంపులకు ఆ పాత్రలో తగినంత గాలిని కుక్కే శక్తి లేదు. 1943లో జాక్ కూస్తో, ఎమిల్ గాన్యాన్‌లు ఆక్వాలంగ్ అనే శ్వాస పరికరాన్ని రూపొందించేనాటికి సిలిండర్లూ కంప్రెసర్లూ బలపడ్డాయి. యుద్ధకాలపు పెట్రోలు కరువులో కార్లను గ్యాసుతో నడపడానికి గాన్యాన్ చేసిన కవాటమే దానికి ఆధారమైంది.

ఇక కంప్రెసర్ చేసే పని. 12 లీటర్ల సిలిండర్‌ను 200 బార్ పీడనం దాకా నింపితే అందులో 2,400 లీటర్ల మామూలు గాలి పడుతుంది. అంతా ఒకే దెబ్బతో నొక్కితే వేడి వెయ్యి డిగ్రీలు దాటే లెక్క. యంత్రంలోని నూనే అంటుకుంటుంది. అందుకని మూడు దశల్లో, ఒక్కో దశలో ఆరింతల చొప్పున నొక్కుతూ, మధ్య మధ్య చల్లారుస్తారు. ఆరు ఆర్లు 36, దానికి ఆరింతలు 216. రెండో ప్రపంచయుద్ధం తర్వాత మ్యూనిక్‌లోని బవర్, ఇటలీలోని కోల్ట్రి వంటి కంపెనీలు ఈ లెక్కను ఇద్దరు మనుషులు ఎత్తగలిగే యంత్రంలో ఇమిడ్చాయి. పడవ ఎక్కింది ఆ చిన్న యంత్రమే. నిమిషానికి 100 లీటర్లు ఇచ్చే రకం ఖాళీ సిలిండర్‌ను 24 నిమిషాల్లో నింపుతుంది.

అయితే ఈ యంత్రం కథలో అసలు మలుపు పీడనంలో లేదు, శుభ్రతలో ఉంది. పెట్రోలు ఇంజను పొగ కాస్త లోపలికి వెళ్లినా కార్బన్ మోనాక్సైడ్ సిలిండర్‌లో చేరుతుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. 30 మీటర్ల లోతులో పీడనం నాలుగింతలు కాబట్టి, పైన 10 పీపీఎం ఉన్న విషం అక్కడ 40 పీపీఎం ఉన్నట్టే పనిచేస్తుంది. అందుకే యూరప్ ప్రమాణం ఈఎన్ 12021 ఈ వాయువును 5 పీపీఎం, నూనెను ఘనపు మీటరుకు 0.5 మిల్లీగ్రాము మించనివ్వదు. ఉత్తేజిత బొగ్గు, మాలిక్యులర్ సీవ్ నింపిన ఫిల్టర్లు నూనె ఆవిరినీ తేమనూ పట్టడానికి పుట్టినవి, కార్బన్ మోనాక్సైడ్‌ను అవి ఆపలేవు.

కోనసీమలాంటి చోట ఇంకో శత్రువు తేమ. 30 డిగ్రీల ఎండలో, 80 శాతం తేమ ఉన్న రోజున ఒక్క సిలిండర్ నింపేసరికి 50 గ్రాములకు పైగా నీరు యంత్రంలోకి వెళ్తుంది. దాన్ని పది, పదిహేను నిమిషాలకోసారి వదిలెయ్యాలి. లేకపోతే ఫిల్టర్ తడిసి చచ్చుబడుతుంది, సిలిండర్‌కు లోపల తుప్పు పడుతుంది. 20 డిగ్రీల దగ్గర ఇన్ని గంటలు పనిచేస్తుందని కంపెనీ రాసిన ఫిల్టర్ మన వేసవిలో సగం కూడా నిలవదు. జర్మనీలో అచ్చయిన పుస్తకాన్ని అమలాపురంలో అక్షరాలా నమ్మకూడదు.

మన తీరంలో ఈ విద్య నేవీ ద్వారా వచ్చింది. 1971లో విశాఖ ముందు మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ దగ్గరికి డైవర్లు దిగినప్పుడు తోడున్న నౌక నిస్తార్. అదే పేరుతో హిందుస్తాన్ షిప్‌యార్డ్ విశాఖలో కట్టిన కొత్త డైవింగ్ నౌక 2025 జులై 18న నేవీలో చేరింది. రుషికొండ, మంగమారిపేటల్లో ఇప్పుడు సరదాగా దిగేవారికీ సిలిండర్లు దొరుకుతున్నాయి. కోనసీమలో ఇలాంటి యంత్రాల అవసరం ఎక్కువగా గ్యాసు బావుల దగ్గర కనిపిస్తుంది. 1995 జనవరి 8న పాశర్లపూడిలో బావి అంటుకుని 65 రోజులు మండింది. అలాంటి ప్రమాదాల్లో సిబ్బంది వీపున మోసే శ్వాస సిలిండర్లను నింపేదీ ఇదే జాతి కంప్రెసర్.

మరి అంతర్వేది నుంచో, కాకినాడ నుంచో సొంత యాట్‌లో బయల్దేరేవారు కంప్రెసర్ కొనాలా? గోదావరి ఒండ్రు కలిసే చోట నీళ్లలో చెయ్యి కనపడదు, డైవింగ్ అంటే విశాఖకో, అండమాన్‌కో వెళ్లాల్సిందే. ఒకటి రెండు రోజుల ప్రయాణానికి నాలుగు సిలిండర్లు ముందే నింపించుకుంటే చాలు. అండమాన్ దారిలో వారాలు గడిపేవారికే సొంత యంత్రం లాభసాటి. వాళ్లు కూడా పెట్రోలు రకం జోలికి పోకుండా జనరేటర్ కరెంటుతో నడిచేది తీసుకోవాలి. దానికి రెండు, మూడు కిలోవాట్లు కావాలి, స్టార్టయ్యేటప్పుడు ఇంకా ఎక్కువ లాగుతుంది. జనరేటర్ పొగ కూడా పొగే కాబట్టి గాలి లాగే గొట్టం మూతి గాలివాటుకు ఎదురుగా, ఎత్తుగా ఉండాలి. సిలిండర్లు 2016 నాటి గ్యాస్ సిలిండర్ల నిబంధనల కిందికి వస్తాయి, గడువు ప్రకారం హైడ్రో టెస్టు చేయించాలి. గాలి నింపే పనిని తెలిసిన మనిషికే అప్పగించండి. యంత్రం నడిచిన గంటలు, ఫిల్టర్ మార్చిన తేదీ ప్రతిసారీ పుస్తకంలో రాయించండి.