గవర్నరుకు చేరిన లేఖలు: మిసిసిపీ, 1875

చరిత్రకు ఆధారాలేమిటన్న ప్రశ్న వచ్చినప్పుడు మన సాహిత్య విద్యార్థులు శాసనాలు, కైఫీయతులు, ప్రభుత్వ నివేదికలు, నాయకుల ఆత్మకథలు చూపుతారు. అవి అవసరమే. కాని పాలకుడికి సామాన్యుడు రాసుకున్న ఉత్తరం కూడా ఆధారమేనా, విమర్శకుడు పట్టించుకోదగిన రచనేనా అని మనం అరుదుగా ఆలోచిస్తాం. మన భాషలో దాన్ని అర్జీ అంటాం, మహజరు అంటాం. ఆ మాట వినగానే వంగిన నడుమూ జోడించిన చేతులూ మనసులో మెదులుతాయి. అర్జీ ఎప్పుడూ అణకువ మాటేనా? అమెరికాలో మిసిసిపీ రాష్ట్రపు నల్లజాతి ప్రజలు 1875లో తమ గవర్నరు అడెల్బర్ట్ ఏమ్స్‌కు రాసిన లేఖలు చదివినప్పుడు, కాదు అని నాకు రూఢిగా తోచింది. ఆ లేఖల గురించి, వాటికి వచ్చిన జవాబుల గురించి, ఆ తరువాత చరిత్రకారులు వాటికి పట్టించిన గతిని గురించి ఈ వ్యాసంలో చెప్పదలచాను.

ముందు నేపథ్యం కొంత చెప్పుకోవాలి. అంతర్యుద్ధం 1865లో ముగిసింది. అదే సంవత్సరం 13వ రాజ్యాంగ సవరణ బానిసత్వాన్ని రద్దు చేసింది. కాని ఆ నవంబరులోనే మిసిసిపీ శాసనసభ, విముక్తులైనవారు పట్టణాల బయట భూమిని కౌలుకు తీసుకోరాదనీ, ప్రతి జనవరిలో తమకు పని ఉన్నట్టు రాతపూర్వకమైన రుజువు చూపాలనీ చట్టాలు చేసింది. రుజువు లేనివాడు దేశదిమ్మరి, శిక్షార్హుడు. సంకెళ్లు తీసి కాగితంతో కట్టేశారన్నమాట. దీన్ని చూసిన అమెరికా కాంగ్రెసు 1867లో దక్షిణాదిని సైనిక పాలన కిందికి తెచ్చి, నల్లజాతి పురుషులకు ఓటు ఇప్పించింది. 14వ సవరణ 1868లో పౌరసత్వాన్నీ సమాన రక్షణనూ, 15వ సవరణ 1870లో ఓటు హక్కునూ రాజ్యాంగంలో నమోదు చేశాయి. ఈ కాలాన్నే పునర్నిర్మాణ యుగం అంటారు.

1870 జనాభా లెక్కల ప్రకారం మిసిసిపీలో నల్లవారు సుమారు 4,44,000, తెల్లవారు సుమారు 3,83,000. అంటే ఓటు నిజంగా ఓటుగా ఉన్నంతకాలం అక్కడ అధికారం నిన్నటి బానిసల చేతిలో ఉంటుంది. ఉంది కూడా. అమెరికా సెనేట్‌లో కాలుమోపిన మొదటి నల్లజాతి సభ్యుడు హైరమ్ రెవెల్స్ 1870లో ఈ రాష్ట్రం నుంచే వెళ్లాడు. ప్రభుత్వ పాఠశాలల వ్యవస్థ ఆ రాష్ట్రంలో ఈ కాలంలోనే ఏర్పడింది. అయితే మౌలికమైన ఒక వైరుధ్యం పరిష్కారం కాలేదు. ఓటు కూలివాడిది, భూమి దొరది. పత్తి తోటలు పాత యజమానుల చేతుల్లోనే ఉండిపోయాయి. విముక్తుడు పాలుకు సేద్యం చేస్తూ అప్పుల్లో దిగబడ్డాడు. రాజకీయాధికారం ఒక వర్గానికీ ఆర్థికాధికారం మరొక వర్గానికీ ఉన్నచోట ఆ పొత్తు ఎంతోకాలం నిలవదు. 1875లో తేలిపోయింది ఈ విషయమే.

ఏమ్స్ ఉత్తరాదివాడు. మెయిన్ రాష్ట్రంలో 1835లో పుట్టాడు, యూనియన్ సైన్యంలో జనరల్‌గా పనిచేశాడు. మిసిసిపీకి మొదట 1868లో సైన్యం నియమించిన గవర్నరుగా, తరువాత సెనేటరుగా, చివరకు 1873 నవంబరు ఎన్నికలో సుమారు 20 వేల ఆధిక్యంతో గెలిచిన గవర్నరుగా ప్రజల ముందుకు వచ్చాడు. ఆ 1873లోనే మన దేశంలో జ్యోతిబా ఫూలే తన ‘గులాంగిరి’ని ప్రచురించి, బానిసత్వాన్ని రూపుమాపేందుకు త్యాగాలు చేసినందుకు అమెరికా ప్రజలకు దాన్ని అంకితమిచ్చాడు. పూనాలో ఒక శూద్రుడు చేతులెత్తి నమస్కరించిన ఆ ప్రజాస్వామ్యం రెండేళ్లకే మిసిసిపీలో ఏమైందో చూద్దాం.

1874 డిసెంబరులో విక్స్‌బర్గ్‌లో ఎన్నికైన నల్లజాతి షెరీఫ్‌ను తెల్లవారి సాయుధ దళాలు బలవంతంగా దించాయి. అతనికి అండగా పట్టణానికి బయలుదేరిన పల్లెల జనాన్ని కాల్చిచంపాయి. 1875 సెప్టెంబరు 4న క్లింటన్‌లో రిపబ్లికన్ల సభ మీద కాల్పులు మొదలై, ఆ తరువాత కొన్ని రోజులపాటు చుట్టుపక్కల పల్లెల్లో వేట సాగింది. పదుల సంఖ్యలో నల్లవారు చనిపోయారు. రాబోయే నవంబరు ఎన్నికల కోసం డెమొక్రాట్లు అమలుపరచిన పథకం ఇది. రాత్రి తుపాకి, పగలు ఆకలి. రిపబ్లికన్లకు ఓటు వేసినవాడికి పనీ పాలూ దొరకవని భూస్వాములు బహిరంగంగానే ప్రకటించారు.

గవర్నరు బల్ల మీదికి లేఖలు రావడం మొదలైంది ఈ సమయంలోనే. నాక్సుబీ కౌంటీ నుంచి ఒకతను రాస్తాడు: 14వ సవరణ మొదటి భాగం ఎవరి ప్రాణాన్నీ ఆస్తినీ న్యాయ విచారణ లేకుండా తీయరాదని చెప్పలేదా? అందరికీ చట్టం సమానంగా రక్షణ ఇస్తుందని చెప్పలేదా? మరి మాకెందుకు రావడంలేదు? ఇది న్యాయమా, కాదా? ఆ ప్రశ్నకు జవాబు కూడా అతనే చెప్పుకుంటాడు, కాదని. విక్స్‌బర్గ్ నుంచి కొందరు కలిసి రాస్తారు: రాత్రిపూట సైనికుల దుస్తులు వేసుకున్నవాళ్లు వీధుల్లో తిరుగుతూ మమ్మల్ని పరుగులు పెట్టిస్తున్నారు, కాపాడే పటాలాలు లేకపోతే మేం ఓటే వేయం. యాజూ నుంచి వచ్చిన ఒక లేఖలో, రాస్తుండగానే కాల్పులు మొదలయ్యాయన్న వార్త చివరి వాక్యాల్లో దూసుకువస్తుంది. లేఖ అక్కడినుంచి లేఖగా ఉండదు, సాయం సాయం అన్న కేకగా మారుతుంది. అదే ప్రాంతం నుంచి మరొకరు, మాకు రక్షణ అంటూ లేదా గవర్నరూ అని సూటిగా అడుగుతారు.

ఈ లేఖల భాషను గురించి విమర్శకులుగా మనం ఆగి ఆలోచించాలి. వీటిలో వర్ణక్రమం తప్పు, విరామచిహ్నాలు లేవు. యాజూ లేఖలో ‘రక్షణ’ అన్న ఇంగ్లీషు మాటకు రాసిన అక్షరాల కూర్పు ఏ నిఘంటువులోనూ దొరకదు. పదేళ్ల కిందటి వరకు దక్షిణాదిలోని చాలా రాష్ట్రాల్లో బానిసకు చదువు చెప్పడమే నేరమన్న సంగతి గుర్తుంచుకుంటే, ఆ తప్పులు రాసినవాడి అజ్ఞానానికి కాదు, రాయనివ్వని చట్టానికి సాక్ష్యాలని తెలుస్తుంది. గ్రాంథిక వ్యావహారిక వివాదం నుంచి నడిచివచ్చిన మనకు ఇది కొత్త పాఠం కాదు. ఎవరి భాష శిష్టమన్న ప్రశ్న వెనుక ఎవరి మాట చెల్లుతుందన్న ప్రశ్న ఎప్పుడూ ఉంటుంది.

అంతకంటే ముఖ్యమైనది వాక్యాల వెనుకనున్న స్థానం. పాత బానిస యజమానిని దయ అడిగేవాడు. ఈ లేఖకుడు దయ అడగడంలేదు. నీవు నా ఓటుతో వచ్చావు, రాజ్యాంగం ఈ మాట ఇచ్చింది, మాట నిలుపుకో అంటున్నాడు. ఏడేళ్ల వయసున్న రాజ్యాంగ సవరణను న్యాయవాదులకంటే ముందు ఈ పాలుకాపు తన బతుకుకు అన్వయించి చదువుకున్నాడు. రాజ్యాంగ వ్యాఖ్యానమన్నది న్యాయస్థానాల్లో మాత్రమే పుట్టిందనుకునేవారు ఈ లేఖలు చదవాలి. అర్జీ రూపంలో ఉన్నా ఇవి అర్జీలు కావు, అభియోగపత్రాలు.

ఇక జవాబుల సంగతి. ఏమ్స్ ఈ భయాన్ని తన చేతిలో ఉన్న ఒక్క దారినే పైకి పంపాడు. సెప్టెంబరు 8న కేంద్ర సైన్యం పంపమని అధ్యక్షుడు గ్రాంట్‌ను కోరాడు. 14వ తేదీన అటార్నీ జనరల్ ఎడ్వర్డ్స్ పియర్‌పాంట్ జవాబిచ్చాడు. దక్షిణాదిలో ఏటేటా శరత్కాలంలో జరిగే ఈ అల్లర్లతో ప్రజలు విసిగిపోయారన్న అధ్యక్షుడి మాటను అతను ఉటంకించాడు. అయితే గ్రాంటు రాసిన లేఖలో మరో భాగం ఉంది. జోక్యం తప్పనిసరైతే అది పిల్లలాటగా ఉండకూడదన్న భాగం. పియర్‌పాంట్ దాన్ని పక్కకు తప్పించి, విసుగును మాత్రం ముందుకు తెచ్చాడు. ఒక లేఖను ఎక్కడ కత్తిరించాలన్నది కూడా రాజకీయ నిర్ణయమేనని చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ నాకు తెలియదు. అసలు కారణం తరువాత బయటపడింది. బానిసగా పుట్టి మిసిసిపీ నుంచి కాంగ్రెసుకు ఎన్నికైన జాన్ ఆర్. లించ్, 1913లో ప్రచురించిన తన పుస్తకంలో గ్రాంటుతో జరిగిన సంభాషణను నమోదు చేశాడు. మిసిసిపీకి సైన్యం పంపితే ఒహాయో రాష్ట్రంలో ఎన్నిక పోతుందని పార్టీవారు హెచ్చరించారట. ఒక రాష్ట్రపు ఓట్ల లెక్కలో మరొక రాష్ట్రపు ప్రాణాలు తీసివేతకు వచ్చాయి.

ఏమ్స్ రాష్ట్ర మిలీషియాను లేపకపోలేదు. నల్లజాతి సెనేటరు చార్లెస్ కాల్డ్‌వెల్ నాయకత్వంలో ఒక దళం అక్టోబరులో జాక్సన్ నుంచి కవాతు కూడా చేసింది. కాని 13వ తేదీన డెమొక్రాట్లతో కుదిరిన ‘శాంతి ఒప్పందం’ ప్రకారం మిలీషియాను ఇళ్లకు పంపివేశారు. ఒక పక్షం ఆయుధాలు దించింది, రెండో పక్షం దించలేదు. ఏమ్స్ నిజాయితీని నేను శంకించడంలేదు. కాని అతని చూపు ఎంతసేపూ వాషింగ్టన్ వైపే ఉంది. తనకు లేఖలు రాసిన వేలమందిని ఒక శక్తిగా కూడగట్టే ఆలోచన అతని వర్గ దృష్టికి అందలేదు. ఒప్పందానికి ముందురోజు భార్యకు రాసిన ఉత్తరంలో మాత్రం అతను ఏ దాపరికమూ లేకుండా మాట్లాడాడు. ఆయుధబలంతో ఒక విప్లవం జరిగిపోయిందనీ, ఒక జాతి ఓటు కోల్పోయిందనీ, రెండో బానిసత్వపు యుగం మొదలవుతున్నదనీ రాశాడు. బహిరంగ పత్రాల్లో ఒప్పందం, సొంత ఉత్తరంలో సత్యం.

నవంబరు ఎన్నికలో డెమొక్రాట్లు సుమారు 30 వేల ఆధిక్యంతో గెలిచారు. నల్లజాతి జనం అత్యధికంగా ఉన్న యాజూ కౌంటీలో రిపబ్లికన్లకు వచ్చిన ఓట్లు 7. ఈ 7 అన్న అంకెను యాజూ లేఖల పక్కన పెట్టి చదివితేగాని దాని అర్థం తెలియదు. ఆ డిసెంబరు చివర, పండుగ రోజుల్లో, కాల్డ్‌వెల్‌ను తాగడానికి రమ్మని పిలిచి కాల్చిచంపారు. కొత్త శాసనసభ అభియోగాలు మోపడంతో ఏమ్స్ 1876 మార్చిలో రాజీనామా చేసి వెళ్లిపోయాడు.

ఆ లేఖలు మనదాకా ఎలా వచ్చాయి? జార్జి బౌట్‌వెల్ అధ్యక్షతన సెనేట్ సంఘం 1876లో విచారణ జరిపి, సాక్ష్యాలతోపాటు గవర్నరుకు వచ్చిన లేఖలను కూడా రెండు సంపుటాల నివేదికలో అచ్చువేసింది. భర్త హత్య గురించి కాల్డ్‌వెల్ భార్య చెప్పిన వాఙ్మూలం కూడా అందులోనే ఉంది. ప్రాణాలు కాపాడలేకపోయిన రాజ్యం కాగితాలను కాపాడింది.

కాని కాపాడిన కాగితాలను చదవాలన్న నియమం లేదు. దాదాపు అరవై ఏళ్లపాటు అమెరికా విశ్వవిద్యాలయాలు పునర్నిర్మాణ యుగాన్ని అవినీతిపరుల, అజ్ఞానుల పాలనగా బోధించాయి. 1915లో వచ్చిన ‘బర్త్ ఆఫ్ ఎ నేషన్’ సినిమా ఆ పాఠాన్ని ఇంటింటికీ చేర్చింది. డుబాయిస్ 1935లో ‘బ్లాక్ రీకన్‌స్ట్రక్షన్’ రాసి, నల్లజాతి శ్రామికుణ్ణి ఆ చరిత్రకు కర్తగా నిలబెట్టినా పండితలోకం చాలాకాలం చెవిన పెట్టలేదు. 1956లో వెలువడిన జాన్ కెనడీ పుస్తకం ‘ప్రొఫైల్స్ ఇన్ కరేజ్’ కూడా ఏమ్స్ పాలనను పాత పద్ధతిలోనే చిత్రించింది. సరిదిద్దమని ఏమ్స్ కుమార్తె కెనడీకి పదేపదే ఉత్తరాలు రాసింది. అతను అధ్యక్షుడైన తరువాత కూడా రాసింది. ఫలితం లేకపోగా, 1964లో తండ్రి జీవితచరిత్రను తానే రాసి ప్రచురించింది. తండ్రి బల్ల మీద జవాబు లేక మిగిలిన ఉత్తరాల వరసలో కూతురి ఉత్తరాలు కూడా చేరాయి. ఆమె పెద్దింటి బిడ్డ కనుక పుస్తకం వేయగలిగింది. యాజూ లేఖకుడికి ఆ అవకాశం లేదు.

మిసిసిపీ 1890లో కొత్త రాజ్యాంగం రాసుకుని, ఓటు పన్నుతో, అక్షరజ్ఞాన పరీక్షతో నల్లవారి ఓటును చట్టబద్ధంగానే తుడిచివేసింది. చదువు రానివ్వనివారే చదువు రాదని ఓటు తీశారు. యాజూ లేఖకుడి ప్రశ్నకు కొంత జవాబు దొరకడానికి 1965 నాటి ఓటు హక్కు చట్టం దాకా, అంటే 90 ఏళ్లు పట్టింది. ఆ చట్టంలోని ఒక కీలక భాగాన్ని 2013లో అమెరికా సుప్రీంకోర్టు నిర్వీర్యం చేసింది కనుక ఆ ప్రశ్న పూర్తిగా ముగిసిందని కూడా అనలేం.

రచయితలకూ సాహిత్య విద్యార్థులకూ ఈ లేఖల నుంచి గ్రహించవలసింది ఏమిటి? ప్రజలు చరిత్ర నిర్మాతలని మనం తరచు రాస్తుంటాం. కాని వాళ్లు చరిత్ర రచయితలు కూడా. తమకు జరుగుతున్నదాన్ని, అది జరుగుతున్న గడియలోనే, పేరూ ఊరూ బయటపడితే ప్రాణం పోతుందని తెలిసీ రాశారు. పండితులు అరవై ఏళ్లకు గాని తెలుసుకోని సత్యం ఆ తప్పుల తడక ఉత్తరాల్లో మొదటి రోజునే ఉంది. కనుక ఏ దేశంలోనైనా ఒక యుగాన్ని అంచనా వేసేటప్పుడు పాలకుడు ఏమి ప్రకటించాడో చూసి ఊరుకోకుండా, అతని బల్ల మీద జవాబు లేకుండా మిగిలిన ఉత్తరాలేమిటో వెతకడం విమర్శకుడి మొదటి పని కావాలి. వెతికి దొరికినప్పుడు వాటిని శిష్టభాషలోకి సాపు చేయకుండా, రాసిన చేతి వణుకుతో సహా అచ్చువేయడం రెండో పని.