మెఱుపు ఈల

వానకాలపు రాత్రులలో జహీరాబాదున మీడియంవేవు రేడియో పెట్టుకొని కూర్చున్నపుడెల్ల నాకొక చిరాకు కలిగెడిది. పాట సగములో నుండగా పటపటమని చప్పుడు. దూరమున మెఱుపు మెఱసినపుడెల్ల అది వినబడును. మాకు సమీపమున మాచ్నూరులో 2008వ సంవత్సరము అక్టోబరు 15వ తేదీన ప్రారంభమై, దళిత స్త్రీలు నడిపిన సంఘం రేడియో ఎఫ్.ఎం. పద్ధతిని పలుకుటచేత దానికీ బెడద మిక్కిలి తక్కువ. కాని యీ మెఱుపు రొదయే భూమికి వేల మైళ్ల మీది సంగతి మనుష్యునకు తెలిపినది. ఆ కథ మనవి చేసెదను.

మొదటి ప్రపంచయుద్ధమున జర్మను శాస్త్రజ్ఞుడు బార్క్‌హౌజెన్, శత్రువుల టెలిఫోను మాటలను పొంచి వినుచుండగా, నడుమ నొక యీల వినబడెను. అది హెచ్చు స్వరమున మొదలై మంద్రమునకు దిగును. గాలిలో పుట్టిన ధ్వని కాదది. తీగలో విద్యుత్తుగా చేరి చెవిగొట్టములో ధ్వనియైనది. 1919లో ఆయన దీనిని ప్రకటించెను గాని ముడి వీడలేదు.

1953లో కేంబ్రిడ్జిలో స్టోరీ అను యువకుడు దానిని విప్పెను. మెఱుపున పుట్టిన తరంగము భూమియొక్క అయస్కాంత బలరేఖను పట్టుకొని పైకెగసి, రెండవ అర్ధగోళమున దిగును. తిరునాళ్లకు ఒక్కమారు బయలుదేరిన బండ్లలో మంచి యెడ్ల బండి ముందు చేరినట్లు, హెచ్చు స్వరములు ముందును తగ్గు స్వరములు వెనుకను చేరును. అట్లు జరుగవలెనన్న, శూన్యమనుకొన్న యెత్తులలోను ఎలక్ట్రానులు ఉండితీరవలెను. అట్టి విద్యుత్కణముల వాయువునకే ప్లాస్మా యని పేరు.

తరువాత ఉపగ్రహములు అచ్చటికే పోయి వినినవి. పక్షుల కిలకిలవంటి తరంగములును, విద్యుద్బలము మాత్రమే యదరి అయస్కాంతబలము కదలని రొదయు దొరకినవి. 1979 మార్చిలో వాయేజరు 1 బృహస్పతి చెంత ఈ యీలనే విని, అచ్చటను మెఱుపులు కలవని చాటెను.

మన దేశమున గుల్మార్గు, నైనిటాలులలో ఈ యీలలను వినిరి. జహీరాబాదు అయస్కాంత భూమధ్యరేఖకు చేరువ గనుక ఇచ్చటి బలరేఖలు అంత యెత్తునకు పోవు. మనకు పటపటలే గాని యీల దొరకుట అరుదు. అయినను వాల్తేరున ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వారు రేడియో తరంగములతోనే పై ఆకాశపు పొరలను శోధించిరి.

బార్క్‌హౌజెన్ ఆ యీలను అడ్డనుకొని విడిచియున్నచో ఈ జ్ఞానమెంత ఆలస్యమగునో! మాచ్నూరు స్త్రీల మాటకును ఒకప్పుడు చెవియొగ్గినవారు కొద్దిమందియే. రొద యని త్రోసివేయుటకు ముందు ఒక్క గడియ వినుట మేలని నాకు తోచుచున్నది. ఇపుడు రేడియో పటపటలాడిన నేను దానిని కట్టివేయను.