మన రంగస్థలమునకు మైకు వచ్చిన విధము

నర్సీపట్నము పరిసర గ్రామములలో తీర్థము జరిగినను, అమ్మవారి పండుగ వచ్చినను, గ్రంథాలయ వార్షికోత్సవము జరిగినను రాత్రివేళ ఒక హరికథయో, బుర్రకథయో, పద్యనాటకమో ఉండవలసినదే. ఏ నాటకము ఆడవలెను, శ్రీకృష్ణుడుగా ఎవరిని పిలువవలెను, హార్మనీ ఎవరిది అని పెద్దలు పదిదినములు ముందుగా కూర్చుండి చర్చింతురు. మైకు ప్రస్తావన వచ్చినప్పుడు మాత్రము “సెట్టువాడు తెచ్చునులే” అని లేచిపోవుదురు. నటుని నోటికిని, చివరను చాపమీద కూర్చున్న శ్రోత చెవికిని నడుమనున్న వస్తువు అది యొక్కటే. దాని చరిత్ర కొంత తెలిసినచో దానిని ఎన్నుకొను పని సెట్టువానికి విడిచిపెట్టము.

1880లో కందుకూరి వీరేశలింగము గారు రాజమహేంద్రవరమున తమ విద్యార్థులచే “వ్యవహారధర్మబోధిని”ని ప్రదర్శింపజేసిరి. 1885లో కడప మండలమందలి సురభి గ్రామమున “కీచకవధ” ఆడి, వనారస గోవిందరావు గారు సురభి సమాజమునకు అంకురార్పణ చేసిరి. అప్పటినుండి సుమారు అర్ధశతాబ్దము తెలుగు రంగస్థలము కేవల కంఠబలము మీదనే నడచినది. ఆ బలమునకు హద్దులున్నవి. ఆరుబయట దూరము రెట్టింపైన కొలది ధ్వని శక్తి నాలుగవ వంతునకు పడిపోవును. పది అడుగుల దూరమున వినువానికి అందు శక్తిలో అరువది నాలుగవ వంతు మాత్రమే ఎనుబది అడుగుల దూరముననున్న వానికి అందును. అందుచేత ఆనాటి నటులు హెచ్చు శ్రుతిలో పాడిరి. మాటలోని హల్లులు దూరము పోవు, దీర్ఘాచ్చులు పోవును. పద్యపు చివర రాగమును అంతగా సాగదీయు అలవాటునకు ఇదియొక కారణమని నా అభిప్రాయము. మాట అందని చోటికి రాగమైనను అందవలెనని వారి తాపత్రయము. ఆ రాగపు విస్తరణకు జనము “ఒన్స్‌మోర్” అని కేకలు వేసిరి. కేకలు వేసిన కొలది రాగము పెరిగినది. బళ్లారి రాఘవ గారి వంటివారు నటన పాటలో మునిగిపోవుచున్నదని ఎంత మొత్తుకొన్నను ఆ ప్రవాహము ఆగలేదు.

మన ఉత్తరాంధ్రమున తూర్పుభాగవతము, జముకుల కథ మొదలగు కళలకు ఈ చిక్కు అంతగా లేదు. అవి ఎత్తైన వేదిక మీద ఆడినవి కావు; జనము చుట్టుకొని అతి సమీపమున కూర్చుండెడివారు. విజయనగరమున 1919లో స్థాపింపబడిన సంగీత కళాశాలకు ప్రథమాధ్యక్షులైన ఆదిభట్ల నారాయణదాసు గారు హరికథకు పెట్టిన ఒరవడియు కంఠము, చిరతలు, గజ్జెలు అను మూడింటి మీద నిలిచినదే. దాసుగారు 1945లో పరమపదించిరి. మన పల్లెలకు మైకు విరివిగా వచ్చినది ఆ తరువాతనే.

మైకు జన్మస్థానము టెలిఫోను. 1877–78 సంవత్సరములలో అమెరికాలో ఎమిల్ బెర్లినరు, ఎడిసనులును, ఇంగ్లండులో హ్యూసును బొగ్గుతో పనిచేయు మైకులను కనిపెట్టిరి. బొగ్గు కణికల మీద పలుచని రేకుండును. మాట తగిలి రేకు కదలినప్పుడు కణికలు నలిగి, వాటిలో పారు విద్యుత్తు హెచ్చుతగ్గులు పొందును. 1915లో కాలిఫోర్నియాలో జెన్సను, ప్రిడ్హాము అను ఇరువురు దీనికి పెద్ద బాకాను జోడించి బహిరంగ ప్రదేశమున వేల జనమునకు వినిపించిరి. లౌడుస్పీకరు అనునది అట్లు లోకమునకు పరిచయమైనది. మన దేశమున 1930 దశకమునుండి కాంగ్రెసు మహాసభలకు ఈ ఏర్పాటు చేసిన ఖ్యాతి నానిక్ మోట్వానే గారి “చికాగో రేడియో” సంస్థది. జవహర్‌లాలు నెహ్రూ గారి ఉపన్యాస చిత్రములలో మైకు మీద ఆ పేరు ఇప్పటికిని చూడవచ్చును. పేరు చికాగోయే గాని వ్యాపారము భారతీయులది. 1940లో ఢిల్లీలో అహూజా రేడియోస్ ప్రారంభమైనది. నేటికిని పల్లెలలో అద్దెసెట్ల మీద ఎక్కువగా కనిపించు పేరు ఇదే.

విద్యుత్తు లేని ఊళ్లలో మోటారు బ్యాటరీ మీద ఆంప్లిఫైయరు నడిపి, పెట్రోమాక్సు వెలుగులో నాటకమాడిన రోజులున్నవి. 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్కేంద్రము పనిచేయ నారంభించిన పిమ్మట ఉత్తర కోస్తాకు కరెంటు వచ్చుట హెచ్చినది. మైకు సెట్టు వ్యాపారమును దానితోపాటు హెచ్చినది.

ఇక మైకులలో జాతిభేదములు. పాఠకులు ఇచ్చట కొంచెము ఓపిక వహింపవలెను, ఏలయన ఎంపిక అంతయు ఇందులోనే యున్నది.

బొగ్గు మైకు ఉపన్యాసమునకు చాలును, పాటకు చాలదు. ఎల్లప్పుడు బుస్సుమను చప్పుడు దాని వెంట నుండును. తరువాత వచ్చిన స్ఫటిక మైకు చవుక, ధ్వనిని గట్టిగా అందించును. అందుచే చిన్న సెట్లకు అదే చాలకాలము దిక్కయ్యెను. దానిలో నుండునది రొషెల్ లవణమను ఉప్పు స్ఫటికము. సుమారు 55 డిగ్రీల వేడికి అది పాడగును, తేమకును ఓర్వదు. విశాఖ తీరపు ఉక్కపోతలో, వైశాఖ మాసపు ఎండలో రేకుపెట్టెలో పడవేసిన స్ఫటిక మైకు గతి ఏమగునో చెప్పనక్కరలేదు. నిన్న పలికిన మైకు నేడు మూగబోయినదని సెట్టువానిని నిందించినవారిలో ఎందరికి అది ఉప్పు చేసిన పని యని తెలియును?

రిబ్బను మైకు 1930 ప్రాంతమున రూపొందినది. అయస్కాంతపు నడుమ అతి పలుచని అల్యూమినియము పట్టీ వ్రేలాడును. రేడియో స్టేషనులలో దీనికి సాటి లేదనిరి. కాని దానికి ముందునుండియు, వెనుకనుండియు సమముగా వినిపించును. గాలి గట్టిగా తగిలినచో పట్టీ సాగిపోవును. మైకు దొరకగానే “ఉఫ్” అని ఊదు ఆచారము మనకున్నది గదా! ఆ ఒక్క ఊపిరితో రిబ్బను ప్రాణము పోవచ్చును. ఆరుబయలు వేదికకు ఇది తగదు.

కదలుచుట్ట మైకు, అనగా డైనమిక్ మైకు, 1931లో అమెరికాలోని వెస్టరన్ ఎలెక్ట్రిక్ సంస్థవారు విపణిలోనికి తెచ్చినది. పలుచని పొరకు అంటించిన రాగితీగ చుట్ట అయస్కాంత క్షేత్రమున కదలుటచే విద్యుత్తు పుట్టును. దానికి బయటినుండి కరెంటు అవసరము లేదు. ఎండకు, తేమకు, క్రింద పడుటకును చాలవరకు ఓర్చును. అయితే వేదికకు కావలసిన అసలు గుణము 1939లో షూర్ సంస్థ ఇంజినీరు బెంజమిన్ బావర్ రూపొందించిన “యూనిడైన్”తో వచ్చినది. అది ఒకే చుట్టతో ముందువైపు మాత్రమే బాగుగా విని, వెనుకవైపు చెవి మూసికొనును. దాని వినికిడి మేర చిత్రించినచో హృదయాకారముగా నుండును. నిలువు చారలు గల ఆ పెద్ద లోహపు మైకును పాత చిత్రములలో చూడని వారుండరు. 1966లో అదే సంస్థ గుండ్రని జాలితల గల ఎస్‌ఎమ్ 58ను విడుదల చేసెను. నేటికిని ఆ నమూనా మారకుండ తయారగుచున్నది. పల్లె సెట్లలోని గుండుమైకులనేకము దాని పోలికలే.

వెనుకవైపు వినకపోవుటలో విశేషమేమి? మైకులో పడిన ధ్వని బాకానుండి వెలువడి, తిరిగి మైకులోనే పడినచో అది పెరిగి పెరిగి కీచుమని కూయును. ఆ కూతకు భయపడి సెట్టువాడు ధ్వని తగ్గించును. తగ్గించినచో వెనుకవారికి వినపడదు. కనుక వేదిక మీద ఎక్కువగా వినెడి మైకు మంచిది కాదు. వినవలసిన దానిని మాత్రమే వినునది మంచిది.

ఈ సూత్రము తెలియకపోవుటచే మన పద్యనాటకము చాల నష్టపోయినది. వేదిక ముందు మూడు మైకులు నిలబెట్టుదురు, లేదా పైనుండి త్రాళ్లతో వ్రేలాడగట్టుదురు. వ్రేలాడు మైకు నటుని నోటికి మూడు నాలుగు అడుగుల దూరమున నుండును. అంత దూరమునుండి కంఠమును పట్టవలెనన్నచో ధ్వని హెచ్చింపవలెను. హెచ్చించినచో హార్మనీ, తబలా, తెరవెనుక మాటలును అన్నియు లోనికి వచ్చును. పైగా తెరచియుంచిన మైకుల సంఖ్య రెట్టింపైన కొలది, కూత పుట్టకుండ హెచ్చింపగల శక్తి సగమగును. మైకులు ఎక్కువైన కొలది బాగుగా వినపడునను నమ్మకము తలక్రిందులైనది.

ఇంతకంటె పెద్ద మార్పు నటుని నడకలో వచ్చినది. రాయబార ఘట్టమున కృష్ణుడు ధృతరాష్ట్రునితో మాట్లాడవలసినవాడు మైకుతో మాట్లాడుచున్నాడు. కర్ణుడు, అశ్వత్థామ వంతులవారీగా ముందుకు వచ్చి, పద్యము చదివి, వెనుకకు పోవుచున్నారు. సభ వరుసగా మారినది. తప్పు నటులది గాదు. మైకు ఎక్కడ నున్నదో అక్కడనే వినపడుదురు గనుక అక్కడనే నిలిచిరి. పీసపాటి నరసింహమూర్తి గారి వంటి మహానటులు ఆ కట్టుబాటులోనే కృష్ణపాత్రకు జీవము పోసిరి. అది వారి ప్రజ్ఞ, ఏర్పాటు గొప్పతనము గాదు.

మైకు చేసిన మేలును చెప్పవలెను. విజయనగరమున సంగీతము నేర్చిన ఘంటసాల వేంకటేశ్వరరావు గారు గ్రామఫోను రికార్డులకు పాడిన పద్యములలో అరపు లేదు. “పుష్పవిలాపము” విన్నవారికి ప్రతి అక్షరము చెవిలో చెప్పినట్లుండును. మైకునకు దగ్గరగా మెల్లగా పాడిన కంఠమునకు ఒక మెత్తదనము వచ్చును. హృదయాకారపు మైకునకు రెండు మూడంగుళముల దూరమునుండి పాడినచో మంద్రస్వరము నిండుగా ధ్వనించును. ఈ సౌఖ్యము తెలిసిన తరువాత శ్రోతకు రాగముతోపాటు మాటయు కావలసివచ్చెను. పాత నటుల గొంతు దూరమునకై తయారైనది, క్రొత్త మైకు దగ్గరకై తయారైనది. గుండె నిండ గాలి పీల్చి మైకు మీద విరుచుకొనిపడినచో రెండును చెడును.

అందుచే ఎంపిక ప్రదర్శనమును బట్టి యుండవలెను. పద్యనాటకమునకు, నిలిచి పాడు పాటకు హృదయాకారపు డైనమిక్ మైకులు రెండు చాలును. నోటికి నాలుగైదు అంగుళములలో ఉంచి, తారస్థాయికి పోవునప్పుడు నటుడే తల వెనుకకు తీయుట నేర్వవలెను. బుర్రకథలో కథకుడు తంబుర పట్టి ముందు వెనుకలకు అడుగులు వేయును. ప్రక్కవారు గుమ్మెటలు వాయింతురు. ముగ్గురికి ఒకే మైకు పెట్టినచో గుమ్మెట కథను మ్రింగివేయును. కథకునికి ఒకటి, వంతలిద్దరికి చెరియొకటి పెట్టి, గుమ్మెటకు వేరుగా ఏమియు పెట్టకుండుట మేలు. గజ్జె కట్టి తిరుగు హరిదాసునకును, తూర్పుభాగవతపు సత్యభామకును నిలువు మైకు సంకెల వంటిది. వారికి చెంపకు ఆనించి తలకు తగిలించుకొను చిన్న మైకు మంచిది. 1962లో బెల్ ప్రయోగశాలలో సెస్లర్, వెస్ట్ అను శాస్త్రజ్ఞులు కనిపెట్టిన ఎలెక్ట్రెట్ పద్ధతివలన ఇది సాధ్యమైనది. దుస్తులకు తగిలించు కాలరు మైకు కంటె ఇది మెరుగు; కాలరు మైకు ఛాతీమీద నుండి నగలచప్పుడు, పట్టుబట్టల గరగర కూడ వినిపించును, త్వరగా కూయును.

పరీక్ష విషయమున ఒక మాట. “హలో, హలో, ఒన్, టూ, త్రీ” అని చెప్పి సరియున్నదనుట వ్యర్థము. ఆ మాటలలో మన భాష లేదు. తెలుగు పద్యమున ప, ఫ, బ, భ అను అక్షరములు దండిగా పడును. ఆ అక్షరములవద్ద వెలువడు ఊపిరి మైకును “ధబ్” మనిపించును. శ, ష, స లకు బుసయుండును. కావున నటుడే వచ్చి, ఆ రాత్రి చదువబోవు పద్యమునే, హార్మనీతో సహా చదువవలెను. పెద్దలలో ఒకరు చివరి చాపవద్ద నిలిచి మాట తెలియుచున్నదా యని చూడవలెను. ఊపిరిచప్పుడు వచ్చినచో మైకును నోటికి సూటిగా గాక కొంచెము ప్రక్కకు వాల్చిన చాలును. బాకాలు మైకులకంటె ముందు, జనమువైపు ముఖము పెట్టి యుండవలెను. వేదిక వెనుక చెట్టుకు కట్టిన బాకా కూతకు మూలము.

2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమముల ప్రకారము రాత్రి పది గంటలనుండి ఉదయము ఆరు వరకు ఆరుబయట లౌడుస్పీకరు నిషిద్ధము. ఉత్సవములకు ప్రభుత్వము సంవత్సరమున పదిహేను దినములకు మించకుండ అర్ధరాత్రి వరకు అనుమతింపవచ్చును. తెల్లవారువరకు సాగెడి నాటకమునకు ఇది గొడ్డలిపెట్టని కొందరు వగచుచున్నారు. నాటకము సాయంకాలమే మొదలిడి, అవసరమైన రెండు మూడు ఘట్టములే ఆడినచో నిద్రించువారికిని, వినువారికిని న్యాయము జరుగును. మైకు పరీక్ష కూడ ప్రొద్దుండగనే ముగియవలెను.

ఆంప్లిఫైయరు, బాకాలు అద్దెకు తెచ్చుకొనవచ్చును. మైకులు రెండు మాత్రము గ్రంథాలయము స్వంతముగా కొనుట ఉచితము. అద్దె మైకు ఎన్ని నోళ్లు తిరిగి వచ్చినదో, ఎన్నిసార్లు క్రిందపడినదో మనకు తెలియదు. మన మైకైనచో దాని గుణము మన నటులకు తెలిసియుండును. పని ముగిసిన పిదప దానిని పొడిగుడ్డలో చుట్టి, తేమ తగలని డబ్బాలో బీరువాలో నుంచవలెను. గుండ్రని జాలి మర విప్పిన ఊడివచ్చును. ఉత్సవమునకు ఉత్సవమునకు నడుమ దానిని విడిగా కడిగి, నీడన పూర్తిగా ఆరనిచ్చి, మరల బిగింపవలెను.