సుహృల్లేఖలో మనస్సు నిలకడ: అబర్డీన్ బజార్ నుంచి ఒక పరిశీలన

2024 వరకు పోర్ట్ బ్లెయిర్‌గా వ్యవహరించిన శ్రీ విజయపురంలో, అబర్డీన్ బజార్ గడియార స్తంభం చుట్టుపక్కల తెలుగు మాట తరచుగా వినిపిస్తుంది. 2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల జనాభాలో తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 13 శాతం. వీరిలో ఉత్తరాంధ్ర తీరం నుంచి వచ్చిన మత్స్యకార కుటుంబాలు అనేకం. సముద్రం అనుకూలిస్తే ఆదాయం, వాయుగుండం పడితే పస్తు. ఇటువంటి బతుకులో మనస్సు పూటకొక తీరుగా మారడం సహజం. ఆ ఊగిసలాటను గృహస్థుడు ఎట్లా అదుపు చేసుకోవాలో చెప్పిన ప్రాచీన రచనలలో ఆచార్య నాగార్జునుని ‘సుహృల్లేఖ’ ఒకటి. దానిని చైనా భాషలోకి అనువదించినవారిలో ఒకడైన ఇత్సింగ్ ఈ దీవుల సముద్రం మీదుగానే భారతదేశానికి వచ్చాడు.

సా.శ. 671లో చైనా నుంచి బయలుదేరిన ఇత్సింగ్, శ్రీవిజయ రాజ్యంలో ఆరు నెలలు ఉండి సంస్కృత వ్యాకరణం అభ్యసించాడు. (నేటి నగర నామంతో ఆ రాజ్యానికున్న పోలిక పాఠకులకు తట్టకమానదు.) కెడా రేవు నుంచి ఉత్తరంగా పది రోజులకు పైగా ప్రయాణించి, నికోబార్‌గా పండితులు గుర్తించిన దీవిని చేరాడు. రెండు వేళ్లంత ఇనుముకు అక్కడివారు ఐదో పదో కొబ్బరికాయలు ఇచ్చేవారనీ, బేరానికి ఒప్పుకోకపోతే విషపు బాణాలు వేసేవారనీ రాశాడు. ఇది ఓడమీది నుంచి చూసినవాడి మాట మాత్రమే. దీవివాసుల భయమేమిటో అందులో లేదు.

సుహృల్లేఖ శాతవాహన రాజుకు రాసిన లేఖ అని ఇత్సింగ్ చెప్పాడు. ఆ రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి అని కొందరి అభిప్రాయం, వివాదం తీరలేదు. లాభనష్టాలు, సుఖదుఃఖాలు, కీర్తి అపకీర్తులు, నిందాస్తుతులు అనే అష్టలోకధర్మాల పట్ల సమభావం వహించమని లేఖ బోధిస్తుంది. ఈ ఒక్క బోధనే ఉటంకించి ఆగిపోవడం మన వ్యాసకర్తలకు అలవాటైంది. దాని తరువాత వచ్చే సూచనలే నిత్యజీవితానికి ఎక్కువ అవసరం: ఆహారాన్ని ఇష్టద్వేషాలు లేకుండా ఔషధంలా తీసుకోవడం, రాత్రి మధ్య యామంలో స్మృతితో నిద్రించడం, ఆపైన మైత్రి, కరుణ, ముదిత, ఉపేక్షలను భావన చేయడం. శరీరాన్ని విడిచి మనస్సును సరిదిద్దవచ్చునని నాగార్జునుడు అనుకోలేదు. కోపం వంటి క్లేశం నీటిమీది గీతలా చెరిగిపోవాలనీ, ధర్మాభిలాష రాతిమీది గీతలా నిలవాలనీ ఆయన భావం. ఈ ఉపమానానికి మూలం అంగుత్తర నికాయంలోనే ఉంది. కోపమే రాకూడదనే అసాధ్యమైన నియమం ఇక్కడ లేదు. వచ్చినది నిలవకూడదు, అంతే.

అయితే ఈ లేఖ అందుకున్నవాడు రాజు. తిండి, నిద్ర అతని చేతిలో ఉన్నాయి. అబర్డీన్ బజార్‌కు సమీపంలోనే 1906లో పూర్తయిన సెల్యులార్ జైలులో ఒంటరి గదుల ఖైదీలకు ఆ రెండింటిపైనా అధికారం లేదు. అక్కడ మనస్సు చెదిరినవారికి సమభావం బోధించడం క్రూరమే అవుతుంది. అలీపూర్ బాంబు కేసులో శిక్షపడిన ఉల్లాస్కర్ దత్ 1912లో ఆ జైలులో మతిస్థిమితం కోల్పోయాడు. అతనిని అక్కడి నుంచి మద్రాసులోని మానసిక చికిత్సాలయానికి తరలించారు, విడుదలైనది 1920లో.