నెహ్రూ యుగమున విదేశాంగ, ఆంతరంగిక విధానములపై వాదప్రతివాదములు

స్వతంత్ర భారతమును తొలి పదునేడేండ్లు నడపిన జవహర్‌లాల్ నెహ్రూ ప్రభుత్వము విదేశ వ్యవహారములందు ఏ కూటమియందును చేరక యుండు అలీన విధానమును, ఆంతరంగిక వ్యవహారములందు ప్రభుత్వ రంగమునకు అగ్రస్థాన మొసగు ప్రణాళికా విధానమును అవలంబించెను. ఈ రెండును స్వావలంబన మను ఒకే ఆశయమునుండి పుట్టినవని సమర్థకులు వాదింపగా, రెండింటికిని మూలమగు దోష మొకటే యని ప్రతిపక్షులలో కొందరు ఖండించిరి. ఒకదానిని మెచ్చి రెండవదానిని నిరసించినవారును లేకపోలేదు. అట్టివారి ఇరకాటము తెలుగుదేశమునందు కనబడినంత స్ఫుటముగా మరెక్కడను కనబడలేదనుట అతిశయోక్తి గాదు.

1954 ఏప్రిల్ 29వ తేదీన టిబెట్టుతోడి వర్తకమును గూర్చి చైనాతో కుదిరిన ఒడంబడికలో పంచశీల సూత్రములు చేరెను. ఆ యేటి నవంబరులో ఆంధ్ర రాష్ట్రమున ప్రకాశం పంతులు మంత్రివర్గము మద్యనిషేధ సమస్యపై కూలిపోగా 1955 ఫిబ్రవరిలో ఎన్నికలు వచ్చెను. అధికారము తమకే దక్కునని కమ్యూనిస్టులు నమ్మియున్న తరుణమున, మాస్కో పత్రిక ప్రావ్దా నెహ్రూ విదేశాంగ నీతిని ప్రశంసించుచు సంపాదకీయము ప్రచురించెను. కాంగ్రెసువారు దానిని చేతబట్టి, ‘మీ గురువులే మెచ్చిన నాయకుని మీరేల నిందింతురు?’ అని ఊరూర నిలదీసిరి. భూమికొరకు, కౌలు తగ్గింపుకొరకు ఆ ప్రభుత్వముతోనే పోరాడుచుండిన కార్యకర్తకు రచ్చబండకడ ఈ ప్రశ్నకు సూటియగు సమాధానము చెప్పుట ఎంత కష్టమో ఊహింపవచ్చును. 196 స్థానములలో కాంగ్రెసు కూటమికి 146 దక్కగా, నూటికి ముప్పదికి పైగా ఓట్లు పొందియు కమ్యూనిస్టులు 15 స్థానములతో తృప్తిపడవలసివచ్చెను. ఓటమికి ఇతర కారణములు పెక్కు కలవు. కాని విదేశ నీతిపై వెలువడిన యొక సంపాదకీయము పల్లెల ఎన్నికలో ఆయుధమగుట మన రాజకీయ చరిత్రలో అపూర్వము.

ఆ కూటమిలో కృషికార్ లోక్ పార్టీ నాయకుడుగా నుండిన నిడుబ్రోలు వాస్తవ్యుడు ఆచార్య ఎన్. జి. రంగా, పిదప కాంగ్రెసులో చేరియు, నాలుగేండ్లకే దానిని విడనాడెను. 1955 జనవరిలో ఆవడి కాంగ్రెసు మహాసభ సామ్యవాద తరహా సమాజమును లక్ష్యముగా ప్రకటించినప్పుడు పుట్టని తుపాను, 1959 జనవరిలో నాగపూరు మహాసభ సహకార సమష్టి సేద్యమును తీర్మానించినప్పుడు చెలరేగెను. తీర్మానము ప్రకారము భూమిపై హక్కు రైతునకే నిలుచును, భూమినిబట్టి పంటలో పాలు వచ్చును, పనిచేసినవారికి పనినిబట్టి వాటా ముట్టును. కాని గట్లు చెరిగి కమతములు కలిసిపోవును. రైతువారీ పద్ధతిలో తరతరములుగా తన పేర శిస్తు కట్టుచు, తన గట్టుపై తాను కందిమొక్క నాటుకొనిన కృష్ణా, గుంటూరు మండలముల రైతునకు, గట్టులేని హక్కు కాగితముపై హక్కుగానే తోచెను. ఈ భయమును పెద్దరైతుల స్వార్థమని మాత్రమే కొట్టివేయుట న్యాయము గాదు. సెంటు భూమి లేని కూలివాని గోడు ఆ వాదములో తగినంతగా వినబడలేదన్న మాటయు అంతే సత్యము.

ఆ సంవత్సరమే మద్రాసున రాజాజీ ప్రోద్బలమున స్వతంత్ర పార్టీ అవతరించెను. రంగా అధ్యక్షుడు, మినూ మసానీ ప్రధాన కార్యదర్శి. పరిశ్రమ స్థాపింపదలచినవాడు ప్రతి మెట్టున అనుమతికై చేయిచాపవలసిన స్థితిని రాజాజీ ‘పర్మిట్–లైసెన్సు రాజ్యము’ అని నామకరణము చేసి తూర్పారబట్టెను.

విదేశ నీతిపై విమర్శ అంతకుముందే ఆరంభమైనది. 1956లో సూయెజ్ దురాక్రమణమును వెంటనే ఖండించిన భారతము, హంగరీలో సోవియట్ సేనల దమనకాండపై తడబడి, ఐక్యరాజ్యసమితి పర్యవేక్షణలో ఎన్నికలు జరుపవలెనన్న తీర్మానమునకు వ్యతిరేకముగా ఓటు వేసినప్పుడు జయప్రకాశ్ నారాయణ్ తీవ్రముగా నొచ్చుకొనెను. అలీన నీతిని గౌరవించువారు సైతము ఆ ఓటును సమర్థింపజాలరు. టిబెట్టు వినాశనమునకు పంచశీల ఆమోదముద్ర వేసినదని ఆచార్య కృపలానీ ఆక్రోశించెను. 1962 అక్టోబరు 20న చైనా సేనలు విరుచుకుపడగా ఆ మాటకు దేశమంతటను బలము చేకూరెను. రక్షణమంత్రి కృష్ణమీనన్ పదవినుండి తొలగవలసివచ్చెను. నెహ్రూ అమెరికా సాయమును కోరెను. మసానీ మున్నగువారు పాశ్చాత్యులతో సాన్నిహిత్యమును కోరగా, అణ్వస్త్ర పరీక్షలు మానవలెనని కెనెడీకే చెప్పివచ్చిన రాజాజీని పాశ్చాత్య పక్షపాతి యనుట పొసగదు.

1963 ఆగస్టులో కృపలానీ ప్రవేశపెట్టిన అవిశ్వాస తీర్మానము లోక్‌సభ చరిత్రలో మొట్టమొదటిది. అది 62–347 ఓట్లతో వీగిపోయెను. రెండు విధానములును ఒకే చర్చలో తూకమునకు వచ్చిన సందర్భ మది. ఆ చర్చలోనే రామమనోహర్ లోహియా, దేశమున ఇరువదియేడు కోట్లమంది దినమునకు మూడణాల ఆదాయముతో బ్రదుకుచున్నారని లెక్కగట్టి చెప్పగా, ప్రభుత్వపక్షము పదునైదణాలని వాదించెను. సరిహద్దు పరాభవముకన్న ఆ మూడణాల మాటయే ఎక్కువకాలము జనుల నోళ్లలో నిలిచినది.

స్వతంత్ర పార్టీ 1967లో 44 లోక్‌సభ స్థానములు గెలిచి, 1971లో 8కి పడిపోయి, 1974లో భారతీయ లోక్‌దళ్‌లో లీనమయ్యెను. సమష్టి సేద్యము దేశమున వ్యాపింపనే లేదు. రంగా కాంగ్రెసులోనికి మరలివచ్చి గుంటూరునుండి పార్లమెంటునకు ఎన్నికయ్యెను. 1991 జూలై 24న పి. వి. నరసింహారావు ప్రభుత్వము కొన్ని పరిశ్రమలకు తప్ప తక్కినవాటికి లైసెన్సు విధానమును రద్దుచేసెను. అప్పుడు పరిశ్రమల శాఖ ప్రధానమంత్రి చేతనే యుండెను.